ప్రభుత్వ పథకాలు ఇన్ని ఉండగా ఊరి సంఘం దానం చేయడంలో అర్థం ఉందా?

ఒంగోలు వాసి (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది ప్రకాశం జిల్లాలోని ఒక మెట్ట ఊరు. ఊరి హైస్కూల్లో చదువుకుని హైదరాబాదు, బెంగళూరు, అమెరికాలలో స్థిరపడినవాళ్లం కలిసి పూర్వ విద్యార్థుల సంఘం పెట్టుకున్నాం. ఏడాది పొడవునా చందాలు పోగుచేసి, సంక్రాంతికి ఊరు వెళ్లినప్పుడు సర్వసభ్య సమావేశంలో ఆ ఏటి ఖర్చు నిర్ణయించుకుంటాం. ఇంతవరకు బడికి బెంచీలు, పదో తరగతి పిల్లలకు బహుమతులు, వేసవిలో చలివేంద్రం వంటి పనులు చేశాం. ఈసారి కొందరు సభ్యులు దగ్గరి పట్టణంలోని ప్రభుత్వ ఆసుపత్రి దగ్గర, రోగుల వెంట వచ్చేవారికి రాత్రి భోజనం పెడదామని ప్రతిపాదించారు. రోగికి ఆసుపత్రివారే అన్నం పెడతారు గాని, మంచం పక్కన కూర్చునే భార్యకో కొడుకుకో ఆ ఏర్పాటు లేదు.

దీని మీద మా వాట్సాప్ గ్రూపులో పెద్ద వాదమే నడిచింది. ఒక మిత్రుడు, మనం పన్నులు కడుతున్నాం కనుక పేదవాడిని చూసుకోవలసిన బాధ్యత ప్రభుత్వానిదేననీ, ఆ పని మనం నెత్తిన వేసుకుంటే ప్రభుత్వం చేతులు దులుపుకుంటుందనీ అంటున్నాడు. వ్యాపారం చేసుకునే ఇంకొక మిత్రుడి మాట దీనికి పూర్తిగా ఎదురు. ప్రభుత్వం పంచేదంతా ఓట్ల కోసమేననీ, ఒకరి దగ్గర పన్నుగా గుంజి మరొకరికి ఇవ్వడంలో పుణ్యం ఏముందనీ, మనిషి తన ఇష్టంతో తన చేత్తో ఇచ్చేదే దానమనీ ఆయన వాదన. ఇద్దరూ అడిగిన వెంటనే చందా ఇచ్చేవాళ్లే కనుక, వాళ్ల మనసుల మీద నాకు అనుమానం లేదు. నాకు కావలసింది ఏమిటంటే, మా చేతిలో ఉన్న ఈ కొద్ది డబ్బు ఎక్కడ పెడితే ప్రభుత్వం చేయలేని పని జరుగుతుంది, ఎక్కడ పెడితే దాని పని మేము ఉచితంగా చేసిపెట్టినట్టు అవుతుంది అన్న విచక్షణ. ఇటువంటి పనుల్లో అనుభవం ఉన్నవారు తమ అభిప్రాయం రాయవలసిందిగా కోరుతున్నాను.

గన్నవరం మాస్టారు

అయ్యా, మీ ఇద్దరు మిత్రులనూ ఒకసారి మా కోనసీమకు తీసుకురండి. పి.గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద నలభై తొమ్మిది ఖానాల పాత అక్విడక్టు ఉంది. కాటన్ దొర హయాంలో, ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన రోజుల్లోనే, గోదావరి కాలువ నీటిని పాయ దాటించి నగరం లంకకు చేర్చడానికి సర్కారు సొమ్ముతో దానిని కట్టారు. ఆ తరువాత కాలంలో దానికి బదులుగా కట్టిన కొత్త అక్విడక్టుకు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు.

లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవారిని కులం అడగకుండా, వేళ చూడకుండా కూర్చోబెట్టి వడ్డించిన ఆ తల్లి 1841లో పుట్టి 1909లో పోయారు. మన ప్రాంతంలో స్వచ్ఛందంగా ఇచ్చినవారి పేరు చెప్పమంటే నేను మొదట ఆమె పేరే చెబుతాను. అయితే ఆమె పొయ్యి మీద ఉడికిన బియ్యం డెల్టా బియ్యమన్న సంగతి మీ వ్యాపారి మిత్రుడు గమనించాలి. ఆనకట్టలు రాకముందు, 1832–33లో వచ్చిన నందన కరువులో గుంటూరు ప్రాంతం ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయింది. అప్పుడు మాత్రం ఇచ్చే గుణం ఉన్నవారు లేరా? ఉన్నారు, కాని వాళ్ల గాదెలు ఆ కరువుకు చాలలేదు. ఆ తరువాత కృష్ణా గోదావరులకు అడ్డంగా ఆనకట్టలు కట్టి కాలువలు తవ్వించడానికి ఏ ఒక్క దాత సంపదా సరిపోదు, దానికి రాజ్యమే పూనుకోవాలి. సీతమ్మ గారు, ఆమె భర్త జోగన్న గారు అంతమందికి అన్నం పెట్టగలిగిన కాలం, ఆ కాలువలు పారిన కాలం.

ఇక పన్నుల మాట ఎత్తిన మిత్రుడికి 1876–78 నాటి ధాత కరువు గురించి చెప్పాలి. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలలో జనం రాలిపోతున్నప్పుడు సర్కారు సాయం అందలేదని కాదు, అందింది. 1877 మొదట్లో వైస్రాయి పంపగా వచ్చిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనికి వచ్చిన కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే మన లెక్కలో అర కిలో కూడా కాదు, పైన కొద్దిపాటి డబ్బు చాలునని తేల్చాడు. పొద్దంతా మట్టి మోసే మనిషికి ఆ తిండి ప్రాణం నిలబెట్టదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా ఎదిరించాడు, కొన్ని నెలలకు కొలత కొంత పెరిగింది. ఆ ఏడాదే లండన్ మేయర్ విరాళాలు పోగుచేసి పంపిన నిధితో, సర్కారు నిబంధనల్లోకి రాని విత్తనాలకూ, ఎద్దులకూ, కూలిన ఇళ్లకూ రైతులకు సాయం చేశారు. ఖజానా నుంచి వచ్చినంత మాత్రాన సాయం న్యాయంగా ఉంటుందని నమ్మకం లేదు, ప్రశ్నించే కార్నిష్ ఒకడు లోపల ఉండాలి.

అసలు మార్పు ఆ తరువాత వచ్చింది. 1880 నాటి కరువు కమిషను సిఫారసుల మీద కరువు నియమావళులు తయారయ్యాయి. ఏ సూచనలు కనబడితే కలెక్టరు పనులు తెరవాలో అందులో రాసిపెట్టారు. వాటి అమలు ఎన్నోసార్లు అధ్వానంగా ఉన్నా, కలెక్టరు దయతో నిమిత్తం లేని బాధ్యత ఒకటి కాగితం మీదికి ఎక్కింది. మన కాలంలో దానికి సాటి రాగలది 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు. ప్రభుత్వ బడిలో చదివే ప్రతి ప్రాథమిక విద్యార్థికీ వండిన భోజనం పెట్టి తీరాలని అది రాష్ట్రాలను ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024లో ఆ మధ్యాహ్న భోజనానికి సీతమ్మ గారి పేరే పెట్టింది. ఆమె ఇంటికి వచ్చినవాడు ఆమె మంచితనాన్ని నమ్ముకుని వచ్చాడు. బడిలో పళ్లెం పట్టుకుని నిలబడిన పిల్లవాడు ఎవరి మంచితనాన్నీ నమ్ముకోనక్కరలేదు, గుడ్డు రాకపోతే వాళ్ల అమ్మ వచ్చి హెడ్మాస్టరును నిలదీయవచ్చు.

కడప రైతుబిడ్డ

మాస్టారు గారి చరిత్ర బాగుంది గాని, నిలదీయవచ్చు అన్న మాట దగ్గర నాకు కొంత అభ్యంతరం ఉంది. 2018లో అయిదు రూపాయలకు భోజనం పెట్టే అన్న క్యాంటీన్లు తెరిచారు, 2019లో ప్రభుత్వం మారగానే మూతపడ్డాయి, 2024 ఆగస్టులో మళ్లీ ప్రభుత్వం మారాక తెరుచుకున్నాయి. మధ్యలో అయిదేళ్లు అక్కడ తిన్న హమాలీ ఎవరిని నిలదీశాడు? ఆ రోజుల్లో కొన్ని పట్టణాల్లో ఆ క్యాంటీన్లను నడిపింది సొంత డబ్బు వేసుకున్న అభిమానులే. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానాన్ని చూడండి. భక్తుల విరాళాలు మూలధనంగా ఉంచి నడపడం వలన, ఇన్ని ప్రభుత్వాలు మారినా విస్తరి లేవలేదు. దేవస్థానం మీద ప్రభుత్వ అజమాయిషీ ఉందని మీరు అంటారు, నిజమే, కాని అక్కడి అన్నం మాత్రం ఏ పార్టీ మేనిఫెస్టోలోనిదీ కాదు.

మా పక్క జిల్లా అనంతపురం సంగతి అంతకంటే పెద్దది. ఫ్లోరైడు నీళ్లు తాగి కాళ్లు వంకర్లు పోయిన ఊళ్లకు, 1990ల నడిమిలో సత్యసాయి ట్రస్టు పూనుకుని ఏడు వందలకు పైగా గ్రామాలకు మంచినీటి పథకం కట్టించింది. దశాబ్దాల పాటు ప్రభుత్వాలు సర్వేలు చేయించుకుంటూ ఉండిపోయిన పని అది. ఇచ్చేవాడికి సంకల్పం ఉంటే టెండర్లు, ఫైళ్లు, ఎన్నికల కోడ్ ఏవీ అడ్డురావు. కనుక ఒంగోలు మిత్రులు ఆసుపత్రి దగ్గర అన్నం పెట్టడానికి ఎవరికీ సంజాయిషీ ఇచ్చుకోనక్కరలేదని నా అభిప్రాయం. ఆకలిగా ఉన్నవాడికి ఈ వాదాలతో పనిలేదు.

విశ్రాంత డి.టి.

నేను రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి డిప్యూటీ తహసీల్దారుగా పదవీ విరమణ చేసినవాడిని. దరఖాస్తు బల్లకు రెండు వైపులా ఏమి జరుగుతుందో కొంత తెలుసు కనుక రాస్తున్నాను.

ముందుగా పరిమాణం సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధులకు, వితంతువులకు నెలకు 4,000 రూపాయలు, వికలాంగులకు 6,000 రూపాయలు పింఛను ఇస్తున్నారు. అప్పటికి పింఛనుదారులు సుమారు 65 లక్షల మంది. తలకు నాలుగు వేలే అనుకున్నా నెలకు 2,600 కోట్లు అవుతుంది. దేశంలోని అత్యంత సంపన్న ఆలయాల్లో ఒకటైన తిరుమల తిరుపతి దేవస్థానం 2024–25 బడ్జెటు మొత్తం సుమారు 5,140 కోట్లు. అంటే, కొండ మీది ఏడాది హుండీ, లడ్డూలు, వడ్డీలు, జీతాలు అన్నీ కలిపిన లెక్క ఒక్క రాష్ట్రపు రెండు నెలల పింఛన్లకు సరిపోదు. దాతలందరూ ఏకమైనా ముసలితనాన్ని పోషించలేరని చెప్పడానికి ఈ లెక్క చాలు. అనంతపురం నీటి పథకం మహత్కార్యమే, దాని గొట్టాల నీళ్లు తాగినవాడిగా నేను తక్కువ చేసి మాట్లాడను. కాని కట్టడం ఒకసారి పని, నడపడం ప్రతి నెలా పని. ఆ నిర్వహణ చివరికి ప్రభుత్వ నిధుల మీదే ఆధారపడింది, అక్కడి కార్మికులు జీతాల బకాయిల కోసం సమ్మెలకు దిగిన సందర్భాలూ ఉన్నాయి.

అయితే ప్రభుత్వం మంజూరు చేసిందంతా మనిషికి చేరుతుందా అంటే, అక్కడే మీ సంఘానికి పని ఉందని నేను అనుకుంటాను. ఒక వికలాంగుడి పింఛను ఎలా వస్తుందో వివరంగా చెబుతాను. అతనికి సదరం ధ్రువపత్రం కావాలి, అందులో కనీసం 40 శాతం వైకల్యం నమోదు కావాలి. దానికి గ్రామ సచివాలయంలోనో మీసేవలోనో స్లాటు తీసుకోవాలి, చెప్పిన రోజున చెప్పిన ఆసుపత్రికి వెళ్లాలి. నడవలేని మనిషిని మెట్ట పల్లె నుంచి తీసుకువెళ్లాలంటే ఆటో మాట్లాడాలి, తోడు వెళ్లే అన్నో తల్లో ఆ రోజు కూలి వదులుకోవాలి. ఆ రోజు సంబంధిత డాక్టరు సెలవులో ఉంటే మళ్లీ స్లాటు, మళ్లీ ఆటో. రెండోసారి ఆటోకు డబ్బు లేక ఇంట్లో ఉండిపోయినవాళ్లను నేను చూశాను. నెలకు 6,000 చొప్పున బతికినన్నాళ్లు రావలసిన పింఛను ఒక ఆటో కిరాయి దగ్గర ఆగిపోతుంది. ప్రభుత్వానికి పింఛనుకు పద్దు ఉంది గాని ఆటోకు పద్దు లేదు.

వితంతువులది మరొక చిక్కు. భర్త చనిపోయినప్పుడు 21 రోజుల్లో మరణం నమోదు చేయిస్తే ఖర్చు లేదు. పొలం లేని, బ్యాంకు ఖాతా లేని ఇళ్లలో ఆ ధ్రువపత్రం అవసరమే ఆ రోజుకు తోచదు. పింఛనుకు దరఖాస్తు పెట్టేనాటికి ఏడాది దాటి ఉంటుంది, ఇక ఆర్డీవో ఉత్తర్వు కావాలి, దానికి అఫిడవిట్, సాక్షులు, విచారణ. దీని మీద అర్హత తేల్చే ఆరంచెల తనిఖీ ఒకటి. ఇంట్లో ఒకే మీటరు మీద రెండు మూడు కుటుంబాలు ఉంటే నెలసరి సగటు 300 యూనిట్లు దాటి అందరూ అనర్హులవుతారు. ఎప్పుడో వేరుపడిన కొడుకు పేరు ప్రభుత్వ కుటుంబ వివరాల మ్యాపింగులో తల్లితో కలిసి ఉండి, వాడు సొంత కారు కొనుక్కుంటే తల్లి పింఛను ఆగుతుంది. ఇవేవీ దుర్మార్గుడు చేసిన పనులు కావు. దొంగ లబ్ధిదారులను ఏరడానికి పెట్టిన జల్లెడలోనే అసలైనవాళ్లు కొందరు జారిపోతారు. ఆ మీటరు విడదీయించడానికి, ఆ మ్యాపింగు సరిచేయించడానికి అర్జీ రాసేవాడు, రసీదు అడిగేవాడు, వారం తరువాత మళ్లీ వెళ్లేవాడు కావాలి. ఊళ్లో ఆ పని చేసేవారు ఇప్పటికీ ఉన్నారు, కాకపోతే మొదటి రెండు నెలల పింఛను వాళ్లకే పోతుంది.

కడప మిత్రుడు అన్న క్యాంటీన్ల గురించి అడిగింది న్యాయమైన ప్రశ్న. చట్టం దన్ను లేని పథకం ప్రభుత్వం ఇచ్చే దానమే, దాత మనసు మారినట్టు అదీ మారుతుంది. రేషను బియ్యం 2013 ఆహార భద్రతా చట్టంలోకి వెళ్లింది కనుకనే, ఏ ప్రభుత్వం వచ్చినా మనిషికి అయిదు కిలోలు ఆపలేదు. ఆరోగ్యశ్రీకి ముందు గుండె ఆపరేషన్ కావలసినవాడు ఎమ్మెల్యే లేఖ పట్టుకుని ముఖ్యమంత్రి సహాయనిధి కోసం సచివాలయం చుట్టూ తిరిగేవాడు. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక, తెల్లకార్డు చూపిస్తే ఆసుపత్రిలోనే పని జరిగే పద్ధతి వచ్చింది. రెండూ సర్కారు డబ్బే అయినా, మొదటిదానిలో ఎమ్మెల్యే గారి ఇంటి ముందు పొద్దున ఆరింటికే బారు ఉండేది.

నా సలహా ఇది. మీ ఊరి చుట్టుపక్కల నాలుగు పంచాయతీలకు, డిగ్రీ చదివిన స్థానిక యువతినో యువకుడినో నెల జీతం మీద పెట్టుకోండి. ఆటో కిరాయిలకు, అఫిడవిట్ ఖర్చులకు కొంత సొమ్ము వారి చేతిలో ఉంచండి. ఆసుపత్రి భోజనం కూడా పెట్టండి, కాని ఒక గడువు పెట్టుకుని పెట్టండి. తెలంగాణ ప్రభుత్వం 2022లో హైదరాబాదులోని 18 ప్రభుత్వ ఆసుపత్రుల దగ్గర సహాయకులకు అయిదు రూపాయల భోజనం ఏర్పాటు చేసింది. అది చూపించి, ఆసుపత్రి అభివృద్ధి కమిటీ ముందు మీరు పెట్టిన భోజనాల రిజిస్టరుతో సహా అర్జీ పెట్టండి. ఆ రిజిస్టరు లేకుండా వెళితే, అవసరమే లేదని ఒక్క మాటతో పంపేస్తారు.

సింగ్‌నగర్ నివాసి

డి.టి. గారి మాటలన్నీ ఒప్పుకుంటూనే, దరఖాస్తుకు వేళ లేని రోజులు కూడా ఉంటాయని చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలో మా పేటలు మునిగినప్పుడు, మా మేడ మీదికి మొదటి అన్నం పొట్లం తెచ్చింది ఎవరో తెలియని కుర్రాళ్లు, ట్యూబుల మీద ఈదుకుంటూ వచ్చారు. వాళ్లు కార్డు అడగలేదు. అయితే రెండో రోజుకు నేను చూసిందేమిటంటే, ఫ్లైఓవర్ దగ్గర పులిహోర పొట్లాలు, నీళ్ల సీసాలు గుట్టలుగా పడి పాడవుతున్నాయి, లోపలి వీధుల్లో చంటిపిల్లలకు పాలు లేవు. వచ్చిన ప్రతి సంఘమూ తనకు అందుబాటులో ఉన్న చోట పంచి, ఫొటో తీసుకుని వెళ్లింది. ఏ వీధికి అందింది, ఏ వీధికి అందలేదు అన్న పట్టిక ఎవరి దగ్గరా లేదు. తరువాత కింది అంతస్తు మునిగిన ఇళ్లకు ప్రభుత్వం 25,000 చొప్పున ఇచ్చినప్పుడు మాత్రం పట్టిక ఉంది. మా పక్కింట్లో అద్దెకు ఉండేవాళ్ల పేరు అందులో లేకపోతే, రెండుసార్లు అర్జీ పెట్టాక చేర్చారు. పొట్లం ఇచ్చిన కుర్రాళ్ల రుణం నేను మరచిపోను. కాని మాకు రాలేదని చెప్పుకోవడానికి ఆ పొట్లాల విషయంలో చోటు లేకపోయింది.

ఆడిటరు, హైదరాబాదు

వాదానికి దూరంగా రెండు విషయాలు. మీ వ్యాపారి మిత్రుడు అనుకుంటున్నట్టు దానం ఖజానాతో సంబంధం లేనిదేమీ కాదు. సంఘానికి 80జి గుర్తింపు ఉంటే, పాత పన్ను విధానంలో ఉన్న దాతకు ఇచ్చిన దానిలో సగం ఆదాయం నుంచి మినహాయింపు వస్తుంది. 30 శాతం శ్లాబులో ఉన్నవారు పది వేలు ఇస్తే, సెస్సు సంగతి వదిలేసినా, పదిహేను వందలు ప్రభుత్వం వదులుకున్న పన్నే. కొత్త విధానం ఎంచుకున్నవారికి ఈ మినహాయింపు లేదు. రెండు వేలకు మించి నగదుగా ఇస్తే ఎవరికీ లేదు.

రెండోది మీ అమెరికా సభ్యుల గురించి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. పౌరసత్వం మార్చుకున్నవారు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపితే అది విదేశీ విరాళమే, దానికి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా తప్పనిసరి. రెండు రకాల సొమ్మునూ ఒకే ఖాతాలో కలిపి ఇబ్బందుల్లో పడిన చిన్న సంఘాలు ఉన్నాయి.

ఒంగోలు వాసి

అందరికీ కృతజ్ఞతలు. ఈ సమాధానాలన్నీ గ్రూపులో పెట్టాను. పన్నుల మిత్రుడు డి.టి. గారి పద్ధతికి వెంటనే ఒప్పుకున్నాడు, ప్రభుత్వం చేత చేయించడమే కదా అని. వ్యాపారి మిత్రుడు మాత్రం, జీతమిచ్చి ఒక మనిషిని ఆఫీసుల చుట్టూ తిప్పడానికి దాతలు చందాలు ఇవ్వరనీ, అన్నదానమంటే ఇస్తారనీ అంటున్నాడు. అది కొట్టిపారేయదగిన మాట కాదు, చందాలు అడిగేది ఆయనే మరి. ప్రస్తుతానికి భోజనం ఆరు నెలలు, ఉద్యోగి ఒక ఏడాది అని సమావేశం ముందు పెడుతున్నాం. డి.టి. గారూ, ఆ ఉద్యోగి మొదటి నెలలో ఎక్కడ మొదలుపెట్టాలో దయచేసి చెప్పగలరా?

విశ్రాంత డి.టి.

సచివాలయంలో పింఛను తిరస్కరణల జాబితా, కారణాలతో సహా, అడిగి తీసుకోమనండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాలి, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఆ జాబితాలో విద్యుత్ యూనిట్లు, మ్యాపింగు అని రాసి ఉన్న పేర్లు ముందు పట్టుకోండి, అవి కాగితంతోనే తేలుతాయి. సదరం కేసులకు ముందుగా డాక్టరు ఏ వారం వస్తారో ఆసుపత్రికి స్వయంగా వెళ్లి కనుక్కుని, ఆ తరువాతనే స్లాటు తీసుకోవాలి. జీతం సంగతికి వస్తే, దాతలకు చూపడానికి ఒక లెక్క ఉంది. ఆ ఉద్యోగి ఏడాదిలో పదిమంది వికలాంగులకు పింఛను ఇప్పించగలిగితే నెలకు 60,000 రూపాయలు ఊళ్లోకి వస్తాయి. మీ వ్యాపారి మిత్రుడికి ఈ లెక్క నా కంటే బాగా తెలుస్తుంది.